మేయర్‌ని మనమే ఎన్నుకోవాలి

2025 ఫిబ్రవరిలో బస్తర్‌లోని జగదల్‌పూర్ ఓటర్లు తమ మేయర్‌ని నేరుగా ఎన్నుకున్నారు. మన ఆంధ్ర, తెలంగాణ నగరాల్లో ఆ ఎంపిక ఓటరు చేతిలో లేదు, కార్పొరేటర్ల చేతిలో ఉంది. ఊరి పదవి చిన్నదేమీ కాదు. రాజమండ్రిలో వకీలుగా ఉంటూ మునిసిపల్ చైర్మన్ అయిన టంగుటూరి ప్రకాశం, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కుర్చీలో ఎలాంటి మనిషి ఉన్నాడన్నదీ ముఖ్యమే. న్యాయశాస్త్రం చదివిన కార్ల్ గోర్డెలర్ 1930 నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కు మేయర్. 1936లో ఆయన ఊళ్లో లేనప్పుడు నాజీలు యూదు వంశంలో పుట్టిన స్వరకర్త మెండెల్సన్ విగ్రహాన్ని తొలగించారు. దాన్ని తిరిగి పెట్టించలేక ఆయన కుర్చీ వదిలేశారు. తర్వాత హిట్లర్‌ని కూలదోసే ప్రయత్నంలో పాలుపంచుకుని, 1945 ఫిబ్రవరి 2న మరణశిక్షకు గురయ్యారు. పదవికన్నా ఊరి పరువు ముఖ్యమనుకునే అలాంటి మనిషి కార్పొరేటర్ల శిబిరాల్లో జరిగే బేరసారాల్లో నెగ్గుకు రాలేడు. అతణ్ణి గెలిపించగలిగేది ఓటరే. ఆ ఓటు మన చేతికి రావాలి.