కంభం కట్ట కింద రెండు రాత్రులు

ఒంగోలు నుంచి, నెల్లూరు నుంచి శ్రీశైలం వెళ్లే కార్లు శనివారం పొద్దున మార్కాపురంలో టీకి ఆగుతాయి. అక్కడి నుంచి దోర్నాల దాటి ఘాట్ ఎక్కేస్తాయి. వారమంతా అలసిపోయిన మనుషులు దేవుణ్ణి చూసి, మళ్లీ అంతే అలసటతో ఇళ్లకు చేరతారు. వాళ్లు మా పశ్చిమ ప్రకాశంలో రెండు రాత్రులు ఆగాలని నా కోరిక. ఆగాల్సింది బస్టాండు పక్క లాడ్జీలో కాదు, చేను గట్టున, ఒక రైతు ఇంట్లో.

సాయంత్రం పూట కంభం చెరువు కట్ట మీద నిలబడి చూడండి. రెండు కొండల నడుమ సందును మూసి గుండ్లకమ్మను ఆపిన కట్ట అది. ఒకవైపు కొండల పాదాల దాకా నీళ్లు. ఇటు తిరిగితే బాగా లోతున ఆయకట్టు, వరిమళ్లు, తూము దగ్గర తడిమట్టి వాసన, ఇంటిదారి పట్టిన బర్రెలు. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపుతో కట్ట కింది రైతుకు వచ్చిపడే రాబడి ఏమిటి?

ఊరికున్న సంపదతో ఊరివాళ్లే రాబడి పొందే దారి ఒకటుంది. ఆఫ్రికాలోని నమీబియా మనకంటే కరువు దేశం. అక్కడ 1996లో చట్టం సవరించారు. ఊళ్లవాళ్లు సంఘంగా ఏర్పడితే తమ ప్రాంతంలోని వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద వాళ్లకు హక్కులు దక్కాయి. 1998లో నమోదైన తోర్రా సంఘం పరిధిలో డమరాలాండ్ క్యాంపు అనే బస ఉంది. దాన్ని నడపడానికి ఒక పర్యాటక కంపెనీతో ఒప్పందం చేసుకున్నా ఆదాయంలో సంఘానికి వాటా, స్థానికులకు ఉద్యోగాలు దక్కాయి. మనకు కావలసింది ఈ పద్ధతే. హైదరాబాదు పెట్టుబడితో లేచే రిసార్టులో మావాళ్లకు కాపలా ఉద్యోగం తప్ప ఏమీ మిగలదు.

నీళ్ల మాట కూడా గట్టిగా చెప్పాలి. ఇది ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నేల. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసకట్టే ఊళ్లివి. నీళ్లు తెస్తుందన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే శంకుస్థాపన జరిగింది, ఒక తరం ఎదురుచూపుల్లోనే పెరిగి పెద్దదైంది. ఇలాంటి చోట అతిథుల కోసం ఈతకొలను తవ్వితే అది పాపమే. బకెట్ నీళ్లతో స్నానం చేయడానికి ఇష్టపడేవాళ్లే రావాలి. అలాంటివాళ్లకు వేపచెట్టు కింద నులకమంచం, వేలికొసల కింద తిరుగుతూ పలచబడి పెనం మీదికెక్కే సజ్జరొట్టె, రోట్లో నూరిన పచ్చిమిరపకాయ కారం, కందిపప్పు చాలు. ఫోను పక్కన పెట్టమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జంగిల్ సఫారీ ఉంది. గిద్దలూరు వైపు అడవిలో నెమలిగుండ్ల రంగస్వామి ఉన్నాడు. చూడాల్సినవాటికి కొదవ లేదు, కరువైంది రైతు ఇంట్లో బసే. ఇంటి పక్కన రెండు గదులు, శుభ్రమైన మరుగుదొడ్డి కట్టుకునేందుకు డ్వాక్రా మహిళలకు తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వాలి. గది అద్దె, భోజనం డబ్బు నేరుగా ఆ ఇల్లాలి ఖాతాలో పడాలి. అడవిలో దారి చూపే చెంచు యువకుడికి రోజుకింత అని ముందే ఖరారు చేయాలి. కంభం కట్ట కింద పది ఇళ్లతో ఈ చలికాలమే మొదలుపెట్టవచ్చు.