తెల్లారితే గుర్తుపట్టని షావుకారు

మన తెలుగు సినిమాల్లో డబ్బున్నవాడి మీద వచ్చినన్ని జోకులు బహుశా మరెవ్వరి మీదా రాలేదు. అందులోనూ పిసినారి అంటే మనకు మహా యిష్టం. 1987లో జంధ్యాల గారు తీసిన 'అహ నా పెళ్ళంట' చూడని తెలుగువాడు వున్నాడంటే నేను నమ్మను. అందులో కోట శ్రీనివాసరావు గారి లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు. బట్టలు అరిగిపోతాయని పేపర్లు చుట్టుకుంటాడు. ఆయన దగ్గర అరగుండు వేషంలో నానా తిట్లూ తిన్న బ్రహ్మానందం గారు అంతకు ముందు అత్తిలిలో తెలుగు లెక్చరర్. (మన లెక్చరర్లు దీన్ని అపార్థం చేసుకోరాదని మనవి.) 2025 జూలైలో కోట గారు పోయిన రోజు రాత్రి మా హాస్టల్లో ఆ కోడి సీనే పెట్టుకుని చూసినం. నివాళి అర్పిస్తూనే పడీ పడీ నవ్వినం.

అయినా నాదొక ఫిర్యాదు వుంది. లక్ష్మీపతి ఆకలి ఆయన యిష్టం. కావాలనుకుంటే ఆ సాయంత్రమే ఆ కోడిని కూర వండించుకోగలడు. ఆ యింట్లో హీరోగారు అంతకంటె పెద్ద పిసినారిలాగా నటిస్తాడు. ఆయనా డబ్బున్నవాళ్ల బిడ్డే. అంటే సినిమా మొత్తంలో లేమి వుంది గాని లేనివాడు లేడు.

ఇంకో రకం కథ వుంది. 1902లో అచ్చయిన ఒక అమెరికన్ నవలలో హీరోకు ఒక షరతు పెడతారు. ఏడాదిలో పది లక్షల డాలర్లు ఖర్చు పెట్టేస్తే డెబ్బై లక్షలు వస్తాయి. ఆ కథ మనవాళ్లకు ఎంత నచ్చిందంటే 1954లో ఎన్.టి. రామారావు గారితో 'వద్దంటే డబ్బు' అయింది. 1985లో జంధ్యాల గారి చేతిలో 'బాబాయ్ అబ్బాయ్' అయింది. 1997లో రజనీకాంత్ 'అరుణాచలం' అయి ముప్ఫై రోజుల్లో ముప్ఫై కోట్లు ఖర్చు పెట్టింది. దీన్నే తిరగేసి 1991లో హాలీవుడ్‌లో మెల్ బ్రూక్స్ 'లైఫ్ స్టింక్స్' తీశాడు. లాస్ ఏంజెలెస్‌లో ఒక కోటీశ్వరుడు, జేబులో పైసా లేకుండా ముప్ఫై రోజులు వీధిలో బతుకుతానని పందెం కాస్తాడు. మన దగ్గర 2016లో ఊళ్లకు ఊళ్లు చూసిన 'బిచ్చగాడు'లో తల్లి ప్రాణం కోసం శ్రీమంతుడు 48 రోజులు అడుక్కుంటాడు. అది నవ్వుల సినిమా కాదు. మా అమ్మ కండ్ల నీళ్లు పెట్టుకున్నది.

ముప్ఫై రోజులు, 48 రోజులు. గమనించారా, అన్నిటికీ ఒక గడువు వుంది. థర్మోడైనమిక్స్‌లో మాకు ఉత్క్రమణీయ ప్రక్రియ, అనుత్క్రమణీయ ప్రక్రియ అని రెండు చెబుతారు. మొదటిదాన్ని వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోవచ్చు. రెండోది పోయిందంటే పోయిందే. పాలల్లో కలిసిన డికాక్షన్‌ను మళ్లీ విడదీయలేం. మన సినిమాల పేదరికమంతా మొదటి రకం. మనం ఏడ్చింది బిచ్చగాడి కోసం కాదు, బిచ్చగాడి వేషంలో వున్న కోటీశ్వరుడి కోసం. ఇది సినిమావాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కాటి సీనుకు మన తాతలు తెల్లవార్లూ కూర్చుని కన్నీరు కార్చేవారు. అక్కడ కాపలా వున్నది హరిశ్చంద్ర మహారాజు, చివరికి రాజ్యం తిరిగి వస్తుంది. ఆయన రాజు కాకపోతే, నిజంగా కాటికాపరే అయితే, ఆ నాటకం ఆడేవారా?

ఈ ప్రశ్న నాలో పుట్టించినవాడు చార్లీ చాప్లిన్. ఆయన 'సిటీ లైట్స్' 1931లో వచ్చింది. అప్పటికే సినిమాకు మాటలొచ్చాయి. మరుసటి ఏడాదికి మన 'భక్త ప్రహ్లాద' కూడా మాట్లాడింది. చాప్లిన్ మాత్రం మూకీయే తీశాడు, సంగీతం తనే కూర్చుకున్నాడు. మొదటి సీనులో నగరంలో 'శాంతి, సౌభాగ్యం' అనే పేరుతో ఒక శిల్పాన్ని ఆవిష్కరిస్తుంటారు. పెద్దల ఉపన్యాసాలు వుంటాయి గాని మాటలు వినపడవు, పీక నొక్కిన సన్నాయిలాగ కీచుమంటాయి, అంతే. (మన కాలేజీ సభలు నాకు జ్ఞాపకం వచ్చాయంటే అది చాప్లిన్ తప్పు.) తెర తీయగానే ఆ శిల్పం ఒడిలో ఇల్లూ వాకిలీ లేని ఒక మనిషి నిద్రపోతూ వుంటాడు. సౌభాగ్యం వొడిలో నిలువ నీడలేనివాడు! పోలీసులు దిగమంటారు. దిగబోతే ప్యాంటు విగ్రహం కత్తికి తగులుకుంటుంది. ఇంతలో జాతీయగీతం మొదలవుతుంది. వేలాడుతూనే పాపం అటెన్షన్‌లో నిలబడాలని చూస్తాడు.

ఆ తర్వాత ఒక రాత్రి నది ఒడ్డున ఒక కోటీశ్వరుడు తాగి ప్రాణం తీసుకోబోతుంటే ఈ దిక్కులేనివాడు కాపాడుతాడు. అప్పటి నుంచి ఆ శ్రీమంతుడికి యితడే ప్రాణ స్నేహితుడు, అయితే తాగినప్పుడు మాత్రమే. రాత్రి కావలించుకుంటాడు, కారు యిస్తాడు. తెల్లారి మత్తు దిగితే ఎవడు వీడు అంటాడు. నౌకరు వచ్చి బయటికి గెంటుతాడు. మళ్లీ రాత్రి, మళ్లీ స్నేహం. చూపులేని ఒక పూలమ్మి కంటి ఆపరేషన్ కోసం తాగిన చేత్తో అతనే వెయ్యి డాలర్లు యిస్తాడు. మెలకువ వచ్చాక ఆ డబ్బు దొంగతనమైపోతుంది, ఇచ్చిపుచ్చుకున్న స్నేహితుడు జైలుకు పోతాడు.

నా దృష్టిలో ప్రపంచ సినిమాలో ధనవంతుడి గురించి ఇంత సూటిగా చెప్పిన హాస్యం లేదు. ఎందుకు లేదో కూడా నాకు ఒక ఊహ వుంది. చాప్లిన్ పందెం కాసి పేదవాడు కాలేదు. లండన్‌లో 1896లో, ఏడేండ్ల వయసులో, తల్లితో, అన్నతో కలిసి లాంబెత్‌లోని అనాథ పేదల నివాసానికి చేరినవాడు. గడువు లేని లేమి ఎట్లుంటదో ఆయనకు తెలుసు.

మొన్న దసరా సెలవులకు ఆలూరు పోయినప్పుడు ఈ సినిమాను మా ఊరి పెద్దమనిషి ఒకాయనకు నా ఫోన్‌లో చూపించిన. ఆయన పేరు యిక్కడ అనవసరం, మేమంతా తాతా అంటాం. మూకీ కాబట్టి భాష అడ్డం రాలేదు. మధ్య మధ్య వచ్చే నాలుగు అక్షరాలు నేను చదివి చెప్పిన. ఆయన ఒక ఫాంహౌస్ గేటు దగ్గర వాచ్‌మన్. ఆ ఫాంహౌస్ వున్నది ఒకప్పటి ఆయన నాలుగెకరాల చెలకలోనే.

ఈ మాట బయటివాళ్లకు చెబితే అయ్యో అంటారు. మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు యిది రోజూ చూసే సంగతి. హైదరాబాద్ ఇటు నడిచి వచ్చింది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో వస్తే, గోడలు, గేట్లు, పచ్చిక, ఈతకొలనులతో తోటలు వెలిశాయి. ఆ ధర మెల్లగా మా దిక్కు కూడా పాకింది. బోరు ఎండినవాడికి, బిడ్డ పెండ్లి దగ్గర పడ్డవాడికి ఎకరానికి యింత అని ఎవరో వచ్చి చెబితే ఏం చేస్తాడు? అమ్మిన్రు. పైసలు వచ్చినయి. కొందరు దూరంగా వేరే భూమి కొన్నరు, వాళ్లు తెలివైనవాళ్లు. కొందరు ఇల్లు కట్టిన్రు, కారు కొన్నరు, అప్పులు తీర్చిన్రు. కొన్నేండ్లకు పైసలు తీరినయి, కారు పాతదయింది. మా నాయిన అమ్మలేదని నేను గొప్ప చెప్పుకోను. పాలివాళ్లు సంతకం పెట్టకపోవటం వల్ల అమ్మలేదు, గంతే. అందుకే మేము యింకా టమాట, క్యారెట్ పెడుతున్నం.

సరే, సినిమా సంగతి. తాత విగ్రహం సీనుకు నవ్విండు. కుస్తీ సీనుకు బాగా నవ్విండు. షావుకారు తెల్లారి గుర్తుపట్టని సీను రెండోసారి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు. "మా సారు గూడ గిట్లనే బిడ్డా" అన్నడు. "శనివారం రాత్రి దోస్తులొస్తరు. తాతా రా కూసో, నీ భూమే గదా అంటడు. ప్లేట్ల బిర్యానీ పెడ్తడు, అయిదు వందల నోటు జేబుల పెడ్తడు. ఆయితారం పొద్దుగాల సీసా ఒకటి తక్కువున్నది ఏడబోయింది అని నన్నే అడుగుతడు."

"మరి నువ్వేమంటవ్ తాతా?" అన్న.

"ఏమంట? రాత్రి ఆయినె వేరే, పొద్దుగాల ఆయినె వేరే. నాకు జీతం ఇచ్చేది పొద్దుగాల ఆయినె."

నేను సినిమా విమర్శ పుస్తకాలు అట్టే చదవలేదు గాని, 'సిటీ లైట్స్' మీద యింతకంటె పనికొచ్చే వ్యాఖ్యానం వుంటుందనుకోను.

ఇప్పుడు మన నగరం సంగతి చూడండి. 2017 నవంబర్ నెలాఖరున హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందు నగరంలో భిక్షాటన మీద రెండు నెలల నిషేధం వచ్చింది. అడుక్కునేవాళ్లను వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవారికి అయిదు వందల రూపాయల బహుమానం అని జైళ్ల శాఖ ప్రకటించింది. చాప్లిన్ మొదటి సీను ఇదే గదా! తెర తీయకముందే శిల్పం మీద పడుకున్నవాణ్ని దించేశాం, తేడా అంతే. ఆశ్రమంలో తిండి పెట్టారు, వైద్యం చేశారు, కొందరికి పని నేర్పారు, కాదనను. కాని ఆ తేదీని నిర్ణయించింది వాళ్ల ఆకలి కాదు, వచ్చే అతిథి.

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు పదిహేడు లక్షల డెబ్బై వేలకు పైన. నగరాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం చొప్పున ఏడాది పొడుగునా నడపాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. శనివారం రాత్రి దయకూ దీనికీ నాకు కనిపించే భేదం ఇదే. షెల్టరులో చాప, దుప్పటి ఒకరి మత్తును బట్టి వుండవు. ఆదివారం పొద్దున కూడా వుంటాయి. జాలి వద్దని నేను అనటం లేదు. జాలిపడి అయిదు వందలు యిచ్చినవాడు, పొద్దున్నే సీసా లెక్కపెట్టకుండా వుండగలడా అన్నదే నా అనుమానం.

మా మిత్రుడొకడు వాదించాడు, ఇల్లు లేనివాడి మీద నవ్వటమే అమానుషమని. నేను ఒప్పుకోను. ఎవరి మీద నవ్వుతున్నామన్నది చూడాలి. విగ్రహానికి వేలాడేవాణ్ని చూసి కాదు, వాడు అక్కడ వుండగా సౌభాగ్యం గురించి కీచుమనే పెద్దల్ని చూసి మనం నవ్వుతాం. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద మావాళ్లు కూరగాయలు పెట్టుకుని కూర్చుంటారు. 2024 డిసెంబర్ 2న మా ఆలూరు స్టేజీ దగ్గర వాళ్ల మీదికే లారీ దూసుకొచ్చింది, మనుషులు పోయారు. దాని మీద హాస్యం లేదు, రాదు. కాని ఫాంహౌస్‌కు పోతూ పోతూ పెద్ద కారు ఆపి, కిలో టమాటకు అయిదు రూపాయలు తగ్గించమని పావుగంట గీసి గీసి బేరమాడే పెద్దమనిషి వున్నాడు చూశారా, ఆయన మీద మూడు రీళ్ల హాస్యం తీయవచ్చు. లక్ష్మీపతి ఆయన ముందు దానకర్ణుడు.

'సిటీ లైట్స్' చివరి సీను గురించి ఒక్క మాట. చూపు వచ్చిన పూలమ్మి యిప్పుడు దుకాణం పెట్టుకుంది. బయట చింపిరి బట్టలవాణ్ని చూసి ముందు నవ్వుతుంది, తర్వాత జాలిపడి ఒక పువ్వూ ఒక నాణెమూ యివ్వబోతుంది. చెయ్యి తగలగానే ఆ స్పర్శతో మనిషిని పోల్చుకుంటుంది. ఇన్నాళ్లూ తన ఉపకారి శ్రీమంతుడనుకున్నది. సినిమా అక్కడితో ఆగిపోతుంది. పెండ్లి లేదు, రాజ్యం తిరిగి రావటం లేదు, వాడి చొక్కా చింపిరి చొక్కాగానే వుంటుంది. తాత యిక్కడ ఫోన్ నా చేతికిచ్చి, "అయిపోయిందా? పిల్ల ఏమన్నదో చెప్పలే" అని అడిగిండు. చెప్పలేదు తాతా అన్న. ఆయన గేటు తీయటానికి పోయిండు, కారు వచ్చింది.

కాలేజీ యూనియన్ వారికి నాదొక విన్నపం. ఏటా వార్షికోత్సవాలకు ఆర్కెస్ట్రా అని, లైటింగ్ అని ఎంతో ఖర్చు చేస్తున్నాం. ఈసారి ఒక సాయంత్రం ఈ సినిమా వేద్దాం. ముందు వరుస కుర్చీలు మన గేటు వాచ్‌మన్లకు, మెస్సు పనివాళ్లకు, బయట ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు ఉంచుదాం. తొంబై నిమిషాల లోపు సినిమా. ప్రొజెక్టరు ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో వుంది, తెర ఆడిటోరియంలో వుంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు ముక్కలు తెలుగులో, ఉర్దూలో చదవటానికి ఇద్దరు కావాలి. తెలుగుకు నేను పేరిస్తున్నాను. ఉర్దూకు ఎవరైనా ముందుకు రాగలరు.