అభయ శాసనమూ – ఆఫ్రికా సముద్రమూ

ఆఫ్రికా జలాల రక్షణకై పలు దేశాలు చేతులు కలపడమన్నది సూళ్లూరుపేటలో కూర్చుని ఆలోచించవలసిన విషయమా అని విద్యార్థులు అడుగవచ్చు. అవుననే మా అభిప్రాయం.

క్రీ.శ. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుఱ్ఱాలను, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ ముట్టనని చక్రవర్తి వర్తకులకు అభయమిచ్చాడు. ఆ అభయం దొంగలను శిక్షించడంతో మొదలు కాలేదు. ఏలినవాడు తన చేతిని తానే వెనుకకు తీసుకొనడంతో మొదలయింది.

సోమాలియాలో జరిగినది వేరు. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిన తరువాత ఐరోపా, ఆసియా ఖండాల ట్రాలర్లు ఆ దిక్కులేని సముద్రంలో చొరబడి చేపలు దోచుకున్నాయి. కడుపు మండిన మత్స్యకారులలో కొందరు తుపాకులు పట్టారు. ఆ కోపమే తరువాత ఓడలను పట్టి సొమ్ము గుంజే వ్యాపారమయింది. బందీలయిన నావికులలో మన దేశపువారూ ఉన్నారు. ఆ దుర్మార్గాన్ని సమర్థించే ఉద్దేశం మాకు ఎంతమాత్రమూ లేదు.

2008లో భద్రతా మండలి అనుమతితో అనేక దేశాల యుద్ధనౌకలు అక్కడికి చేరాయి. ఆ అక్టోబరు నుండి మన నౌకాదళమూ కాపలా కాసింది. 2009లో ఆ ప్రాంతపు దేశాలు జిబూటీలో ఒక నియమావళికి ఒప్పుకున్నాయి. కాని చేపల దొంగతనం ఆ నియమాలలో చేరడానికి 2017లో జెద్దాలో జరిగిన సవరణ దాకా ఆగవలసి వచ్చింది. సరకు ఓడకు ముందు దొరికిన రక్షణ మత్స్యకారుని వలకు ఎనిమిదేళ్ల తరువాత దొరికింది; అదీ కాగితం మీద.

ఈ బాధ మన తీరానికి తెలియనిది కాదు. పొరుగు రాష్ట్రపు మరపడవలు ఒడ్డు దాపుకు వచ్చినప్పుడు నెల్లూరు తీరపు చిన్నపడవల వారి వలలు ఎన్ని తెగాయో ఆ గ్రామాల విద్యార్థులు మాకంటె బాగా చెప్పగలరు. పులికాట్‌లోనూ హద్దుల తగవులు పాతవే. అయితే ఇక్కడ మొర వినడానికి మత్స్యశాఖ ఉన్నది, కలెక్టరుగారున్నారు. సోమాలియా మత్స్యకారునికి చెప్పుకొనే గుమ్మమే లేకపోయింది.

2025 ఏప్రిల్‌లో మన దేశమూ టాంజానియా కలిసి దార్ ఎస్ సలాంలో పలు దేశాల నౌకాదళాల విన్యాసాలు జరిపాయి. ఆ ఊరి పేరుకు అర్థం మా ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అక్కడి స్వాహిలీలో రేవును ‘బందరీ’ అంటారు. మనకు మచిలీపట్నం బందరు. ఒకే పారసీక పదం ఓడలెక్కి రెండు తీరాలకూ చేరింది!

ఇటువంటి కూటమిలో చేరే దేశాలు ముందుగా తమ ట్రాలర్లు ఎవరి నీళ్లలో వేటాడుతున్నాయో బయటపెట్టాలి. తీరదేశాల ప్రభుత్వాలు తామెవరికి, ఎంతకు లైసెన్సులు అమ్మినవీ తమ ప్రజలకు తెలపాలి. గణపతిదేవుడు తన మాటను రాతి మీద చెక్కించాడు. ఈ యేటి విజ్ఞానయాత్రలో కళాశాల కమిటీవారు మోటుపల్లిని కూడ చేర్చితే విద్యార్థులు దానిని కళ్లారా చూడగలరు.