బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది?



ఈ మధ్య ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలకు వెళ్లాను. ప్రధానోపాధ్యాయుని గదిలో అద్దాల బీరువా, దాని నిండా పుస్తకాలు, దానికి తాళం. ఎనిమిదవ తరగతి అమ్మాయిని పిలిచి, "వీటిలో ఏవి చదివావమ్మా?" అని అడిగాను. "అద్దంలోనుంచి పేర్లన్నీ చదివానండీ" అంది. అప్పుడు నవ్వు వచ్చింది గాని, ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదలలేదు.

తప్పంతా ఉపాధ్యాయులదేనని అనలేను. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో లెక్క తప్పుతుంది, జవాబు చెప్పవలసింది వారే గనుక భయపడి తాళం వేస్తారు. అయితే 2017 నాటి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలలో, ఏడాదిలో వెయ్యి పుస్తకాలు చదవడానికి ఇస్తే ఐదు పోవడం సహజమేనని, మోసం గాని నిర్లక్ష్యం గాని లేని యెడల దానిని ఒప్పుకోవచ్చని ఉంది. అవి కేంద్ర ప్రభుత్వ సంస్థల కొరకు వ్రాసినవే. అయినా వాడే పుస్తకాలలో కొన్ని పోతాయని ప్రభుత్వమే అనుకున్నప్పుడు, మన బడిలో అంత భయం దేనికి? 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి గుంటూరు జిల్లా కాలువ వెంబడి పల్లెలకు చేర్చారు. తడుస్తాయని ఊరుకోలేదు గదా!

బీరువా తెరిస్తే ఏమవుతుందో మరొక బడిలో చూశాను. అక్కడ శనివారం చివరి గంట పుస్తకాలది. చదవడమే కాదు, పిల్లలే పుస్తకాలు తయారు చేస్తారు. మామ్మల దగ్గర విన్న కథలు, పొడుపు కథలు, ఊరి చెరువు సంగతులు, పాత విత్తనాల పేర్లు సేకరించి వ్రాస్తారు. పెండ్లి శుభలేఖల వెనుక వైపు అట్టలవుతాయి, గోనె సంచులు కుట్టే సూది దారంతో కుడతారు. పూర్తయిన పుస్తకానికి నంబరు వేసి, కొన్న పుస్తకాల ప్రక్కనే పెడతారు.

అక్కడ ఒక పిల్లవాడు కూడబలుక్కుని చదివేవాడు. తెల్లవారగానే గేదెలను మేతకు తోలి, ఆలస్యంగా బడికి వచ్చేవాడు. చెరువు దగ్గరి పిట్టలన్నీ వాడికి తెలుసు. వాడు చెప్తుంటే స్నేహితుడు వ్రాశాడు, బొమ్మలు మాత్రం వాడే వేశాడు. ఆ ఏడాది పిల్లలు ఎక్కువగా అడిగి తీసుకున్నది ఆ పిట్టల పుస్తకమేనట. మానేస్తాడనుకున్న పిల్లవాడు, తన పుస్తకం ఎవరి దగ్గర ఉందో చూసుకోవడానికైనా శనివారం తప్పక వస్తున్నాడని పంతులమ్మగారు చెప్పారు.

ఇంకొక సంగతి. ఆ గది గోడకు ఒక అట్ట తగిలించి, పరీక్షల ప్రకటనలు, దరఖాస్తుల గడువులు పెద్ద అక్షరాలతో వ్రాస్తున్నారు. చాలా బడులలో సర్క్యులర్లు వచ్చి ఫైలులో పడి నిద్రపోతాయి. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అని ఒకటి 2008 నుండి ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో ఎనిమిదవ తరగతి చదివేవారు దాని పరీక్ష వ్రాయవచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడవ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటరు వరకు, చదువు సరిగా సాగినంత కాలం, ఏటా 12,000 రూపాయలు. కూలి పని చేసే ఇంటిలో అది ఆడపిల్ల చదువు ఆగకుండా నిలిపే సొమ్ము.

అద్దంలోనుంచి పేర్లు చదివిన ఆ అమ్మాయిది ఎనిమిదవ తరగతే. ఈ పరీక్ష పేరు ఆమె ఎన్నడూ వినలేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలి, దానిలో వార్తాపత్రికలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని కూడా ఆ చట్టమే చెప్తుంది. కనుక మీరు సంతకం పెట్టి టీ త్రాగి వచ్చేయకండి. తాళం ఎవరి దగ్గర ఉంది, బీరువా ఏ రోజు తెరుస్తారు, ఈ నెల ఏ గడువులు ఉన్నాయి అని అడగండి. ఉపాధ్యాయులకు తీరిక లేదంటే, శనివారం ఒక గంట కూర్చుని రిజిస్టరు వ్రాయడానికి మీలో చదువుకున్న వారొకరు ముందుకు రండి.