విద్యార్థుల సంఘానికి వార్డు నుండి ఒక మాట

మా అన్నయ్య కూతురు విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ చదువుతున్నది. తాను, తన తోటివారు కలిసి పర్సనలైజ్డ్ మెడిసిన్ గూర్చి ఒక విద్యార్థి సంఘం నడుపుతున్నారు. అధ్యాపకులు పెట్టించినది కాదు, వారంతట వారే పెట్టుకున్నారు. ఫార్మసీ, ఎం.బి.బి.ఎస్., కంప్యూటర్ చదివే పిల్లలు కూడ అందులో ఉన్నారు. నెలకు రెండు సాయంకాలాలు కూడుకొని, ఒకరు ఒక పరిశోధనా పత్రం చదివి చెప్తారు, మిగిలినవారు ప్రశ్నలు వేస్తారు. సెలవులకు వచ్చినపుడు "అత్తా, ఇది రాబోయే కాలపు వైద్యం. మీ ఆసుపత్రులకు రావటానికి ఇంకా ఇరవై ఏళ్ళు పడుతుంది" అన్నది. ఆ మాటలో సగం నిజమే. నిజం కాని మిగతా సగం గూర్చి ఈ పేజీలో వ్రాస్తున్నాను.

ఒక జబ్బుకు అందరికీ ఒకే మందు, ఒకే మోతాదు అనకుండా, మనిషి శరీరతత్వాన్ని, జన్యువులను బట్టి వైద్యం చేయటాన్నే పర్సనలైజ్డ్ మెడిసిన్ అంటున్నారు. 2015లో అమెరికా అధ్యక్షుడు ఒబామా దీని కోసం పెద్ద పథకం ప్రకటించిన తరువాత ప్రెసిషన్ మెడిసిన్ అనే పేరు బాగా వ్యాపించింది. పేర్లు కొత్తవే. కాని రక్తం ఎక్కించే ముందు మనం క్రాస్ మ్యాచ్ చేస్తున్నాము కదా, అది మరి ఏమిటి? 1901లో లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులను వివరించిన నాటి నుండి మనిషిని బట్టే రక్తం ఇస్తున్నాము. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల లోపల యాంటి-డి ఇంజెక్షను ఇవ్వాలని మా మొదటి సంవత్సరం విద్యార్థినిని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

టి.బి. వార్డు సంగతి చూడండి. ఐసోనియాజిడ్ బిళ్ళను కొందరి కాలేయం త్వరగా ఖర్చు చేస్తుంది, కొందరిది నిదానంగా చేస్తుంది. ఇది పుట్టుకతో వచ్చే తేడా అని 1950లలోనే తెలిసింది. నిదానంగా ఖర్చు చేసేవారికి కాళ్ళు తిమ్మిర్లు, మంటలు ఎక్కువ. ఆ బిళ్ళతో పాటు బి-6 విటమిను ఇవ్వటం అందుకే. ఏజెన్సీలో పనిచేసిన సిస్టర్లకు ప్రిమాక్విన్ సంగతి తెలుసు. జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉన్నవారికి ఆ మలేరియా మందు ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ లోపాన్ని శాస్త్రజ్ఞులు 1956లో కనిపెట్టినది కూడ ప్రిమాక్విన్ వాడినవారిని పరీక్షించే. పరీక్ష దొరకని చోట "మూత్రం నల్లగా వస్తే బిళ్ళలు ఆపి వెంటనే రండి" అని చెప్పి పంపేవాళ్ళము. జన్యుశాస్త్రం అంతా ఆ ఒక్క హెచ్చరికలో ఇమిడి ఉన్నది.

మన తెలుగువారికి అన్నిటికంటె దగ్గరి ఉదాహరణ ఆపరేషన్ థియేటరులో ఉన్నది. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోనికి గొట్టం వేయటానికి స్కోలిన్ అనే ఇంజెక్షను వాడతారు. అది కండరాలను వదులు చేస్తుంది. మామూలు మనిషిలో అయిదు, పది నిమిషాలలో దాని ప్రభావం పోతుంది, ఎందుకంటే రక్తంలోని కోలినెస్టెరేస్ అనే ఎంజైము దానిని విరిచివేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లేనివారిలో మందు గంటల తరబడి ఉండిపోతుంది. ఆపరేషన్ అయిపోతుంది, రోగికి తెలివి వస్తుంది, కాని ఊపిరి తీసుకోలేడు, చెయ్యి కదపలేడు, కన్ను తెరవలేడు. అతనికి మన మాటలు వినబడుతూనే ఉంటాయి. వెంటిలేటరు మీద ఉంచి, మత్తు కొనసాగించి, ఒకరు ప్రక్కనే కూర్చొని కనిపెట్టుకొని ఉండాలి. వెంటిలేటరు లేని చిన్న నర్సింగ్ హోములో అయితే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు.

ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాలలో మిగతావారిలో కంటె చాలా ఎక్కువగా కనబడుతుందని మన ప్రాంతపు ఎనస్థీషియా డాక్టర్లకు ఎంతోకాలంగా తెలుసు. దానికి కారణమైన జన్యు మార్పును 2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం వారు, విదేశీ శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించారు. 2017లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుండి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నవని చూపించారు. ఆర్యవైశ్యులు అందులో ఒకరు మాత్రమే. కాబట్టి ఇది ఒక కులానికి అంటగట్టే మచ్చ కాదు. ఆ కుటుంబాలలో చాలామందికి ఈ లోపం ఉండదు, ఇతరులలో కొందరికి ఉంటుంది. కులం అడిగి నిర్ణయించే కంటె "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత తెలివి రావటం, ఊపిరి రావటం ఆలస్యమైందా?" అని అడగటం మర్యాద, ఎక్కువ ఉపయోగం కూడ. అనుమానం వస్తే చేయించే పరీక్ష మన లాబులో ఎప్పటినుండో ఉన్నదే. పురుగుమందు త్రాగి వచ్చినవారికి చేసే కోలినెస్టెరేస్ పరీక్షే అది. అమెరికాకు లాలాజలం పంపనక్కరలేదు.

ఇంత చెప్పాను గనుక విద్యార్థుల సంఘాలను నేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. అటువంటి సంఘాలు కావాలి. మన కాలేజీలలో ఫార్మసీవారికి వార్డు తెలియదు, వార్డువారికి కంప్యూటరు తెలియదు, కంప్యూటరువారికి రోగి అంటే ఒక అంకె. పరీక్షల కోసం కాక, ఆసక్తి కొద్దీ వీరందరూ ఒక గదిలో కూర్చోవటం పాఠ్యప్రణాళిక చేయలేని పని. చదవవలసినది కూడ చాలా ఉన్నది. గుండెపోటు వచ్చినవారికిచ్చే క్లోపిడోగ్రెల్ కొందరి శరీరంలో సరిగా పనిచేయదని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆ మందు మీదే హెచ్చరిక వేయించింది. ఆ జన్యు తేడా మన దక్షిణాసియావారిలో ఐరోపావారిలో కంటె ఎక్కువ. మూర్ఛకిచ్చే కార్బమజెపిన్ కొందరికి ఒళ్ళంతా చర్మం ఊడిపోయేంత ప్రమాదం తెస్తుందని, ఆసియావారిలో ముందుగా ఒక జన్యువును చూడమని 2007లో చెప్పారు. అటువంటి రోగికి డ్రెస్సింగ్ చేసిన నర్సు ఎవరూ ఆ మందు పేరు మరచిపోరు. మన దేశంలో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకం క్రింద సుమారు 10 వేలమంది జన్యు సమాచారం 2025 జనవరి నుండి పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చింది. దానిని చదివి అర్థం చేసుకొనే పిల్లలు మన ఊళ్ళ నుండి రావాలి.

నాకు అభ్యంతరం ఒకే విషయంలో. ఈ సంవత్సరం వారి వార్షికోత్సవానికి ఒక పరీక్షల కంపెనీవారు ఖర్చు భరిస్తామన్నారట. బదులుగా హాలులో ఒక బల్ల వేసుకొని, సభ్యులకు తగ్గింపు ధరకు లాలాజలం పరీక్ష చేస్తారట. పిల్లలు సంతోషపడుతున్నారు. నేను మాత్రం వద్దనే అంటాను. పందొమ్మిదేళ్ళ పిల్ల సరదాకు గొట్టంలో ఉమ్మి వేస్తే, వచ్చే నెల ఆమె సెల్‌ఫోనుకు రొమ్ము కాన్సరు ముప్పు గూర్చి ఒక కాగితం వస్తుంది. హాస్టల్ గదిలో ఒంటరిగా అది చదువుకొనే పిల్లకు ఎవరు అర్థం చెప్తారు? ఆ ముప్పు ఆమెది మాత్రమే కాదు, తల్లిది, చెల్లెలిది కూడ. వారిని ఎవరూ అడగలేదు. రక్తం ఇవ్వటానికి వచ్చినవారికి హెచ్.ఐ.వి. పరీక్ష చేసేటప్పుడు ముందు, వెనుక కౌన్సెలింగ్ ఎంత అవసరమో మనం కష్టపడి నేర్చుకున్నాము. ఇక్కడ దానిని ఎందుకు వదలివేయాలి?

ఆ సమాచారం ఎవరి దగ్గర ఉంటుందన్నది ఇంకొక చిక్కు. అమెరికాలో పేరుపొందిన ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ నుండి 2023లో సుమారు 69 లక్షలమంది సమాచారం దొంగల చేతికి చిక్కింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు లక్షలాది కుటుంబాల జన్యు వివరాలు అమ్మకానికి వచ్చిన ఆస్తిలో భాగమయ్యాయి. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకోలేము. ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో జన్యువులను బట్టి తేడా చూపరాదని అమెరికాలో 2008లో ప్రత్యేక చట్టం చేశారు. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. పెళ్ళి సంబంధాల విషయం సరే సరి. జాతకంతో పాటు జన్యు రిపోర్టు కూడ అడిగే రోజు వస్తే మొదట తల వంచుకొని నిలబడేది ఆడపిల్లే.

కంపెనీ బల్లకు బదులు సంఘంవారు చేయగలిగిన పని నేను ఒకటి చెప్తాను. నర్సింగ్ విద్యార్థినులను సభ్యులుగా చేర్చుకోండి. ఇంతవరకు వారి సంఘంలో ఒక్కరూ లేరు. వారిలో ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళి తమ తమ ఇండ్లలో మూడు తరాల కుటుంబ వృక్షం వ్రాసుకొని రావాలి. ఎవరికి ఏ మందు పడలేదు, ఎవరు మత్తులో ఇబ్బంది పడ్డారు, ఎవరికి రక్తం ఎక్కించాక చలిజ్వరం వచ్చింది, ఏ బాబుకు పుట్టగానే కామెర్లు బాగా వచ్చినవి. అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఇవన్నీ తెలుసు, అడిగినవారు లేరు. పేర్లు తీసివేసి ఆ కాగితాలను సమావేశంలో చదువుకుంటే ఆరు నెలలకు సరిపడ పాఠం అవుతుంది, ఖర్చు పెన్సిలు, కాగితం.

మన పాఠకులకు కూడ అదే పని. ఏదైనా మందు పడకపోతే దాని పేరు చీటీ మీద తెలుగులో వ్రాయించుకొని రేషను కార్డుతో పాటు భద్రపరచండి. "తెల్ల బిళ్ళ పడలేదు" అంటే మాకు ఏమీ తెలియదు. పేరు, సంవత్సరం, ఏమి జరిగింది అనే మూడు మాటలు చాలు. ఆపరేషన్‌కు చేరేటప్పుడు ఆ చీటీని కేసు షీటులో పెట్టమని డ్యూటీ సిస్టరును అడగండి. ఆమె తొందరలో ఉంటే రెండోసారి అడగండి.