సంపాదకుని మాట: మూడు బాటల తీరము

ఈ సంచికకు ముఖవ్యాసముగా మధ్యధరా తీరయాత్రను గైకొంటిమి. ఫ్రాన్సు దేశమున నీస్ నగరమునకును మొనాకోకును నడుమ, ఆల్ప్సు పర్వతములు తిన్నగా కడలిలోనికి దిగు చోట, కొండవాలును తొలిచి కార్నిష్ అను మూడు బాటలను ఒకదానిమీఁద నొకటిగా వేసిరి. అందు మీఁదిదానిని నెపోలియన్ చక్రవర్తి ప్రాచీన రోమకుల మార్గపు జాడననుసరించి వేయించెననియు, ఆ దారినున్న లా తుర్బీ గ్రామమున, అగస్టసు ఆల్ప్సు తెగలను జయించిన గుర్తుగా క్రీ.పూ. 6లో వెలసిన స్మారకము, ఓడిన 45 తెగల పేర్లతో, శిథిలమై కొంత పునరుద్ధరింపఁబడి నేటికిని నిలిచియున్నదనియు, ఎఱిఁగినవాఁడు ప్రక్కనుండి చెప్పిననే గాని పరదేశికిఁ దోఁపదు.

కారును, దారి చూపువానిని తమకొఱకే కుదుర్చుకొనుట ధనికుల విలాసమని కొందఱందురు. వ్యయము మెండగుట నిజమే. అయినను ఆగఁదలఁచినచోట ఆగు స్వేచ్ఛకు అది వెల. సముద్రమునకు నాలుగువందల మీటర్లకుఁ బైన, శిఖరమున నొదిగియున్న ఏజ్ గ్రామమునుండి నీషే తత్త్వవేత్త పేర నొక కాలిబాట తీరమునకు దిగును. గుంపుతోఁ బోవు బస్సు యాత్రికునికి ఆ గంటసేపు నడక లభింపదు. కాన్, ఆంటీబ్ పట్టణములను గూడ ఆనాఁడే చూపింతుమనువారి మాట నమ్మవలదు (అది యాత్ర గాదు, పరుగు). వేసవిని దిగువ బాట వాహనములతోఁ గ్రిక్కిఱియును గావున, ఉదయమే మీఁది దారిని బోయి నడిమి దారిని మరలుట మేలు.