బిడ్డను మార్చడమా, బాధను తొలగించడమా?

గురజాల ప్రాంతం నుంచి ఒక సోదరి రాసిన లేఖ ఈ నెల మా ముందుంది. ఆమె కుమారుడికి ఏడేళ్లు. పది పన్నెండు మాటలకు మించి పలకడు. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. ఇంట్లో మిక్సీ మోగితే రెండు చెవులూ మూసుకొని గది మూలకు చేరుకుంటాడు. వైద్యులు దీనిని ఆటిజం అన్నారు. అత్తగారు నజర్ తగిలిందన్నారు. నరసరావుపేటలో ఒకరి వద్ద తాయెత్తు కట్టించారు, మాచర్లలో మరొకరి చేత ఊదించారు. ఇప్పుడు ఒక నగరంలోని వైద్యశాలవారు మూలకణాల ఇంజెక్షన్లతో పిల్లవాడు అందరిలా అవుతాడని చెప్పి లక్షల రూపాయలు అడుగుతున్నారట. "ఉన్నది ఒక్క ఎకరం మిరప చేను. అమ్మమంటారా?" అని ఆమె ప్రశ్న.

మొదట ఆ ప్రశ్నకే సమాధానం చెబుతాము. సోదరీ, చేను అమ్మవద్దు. ఆటిజం మెదడు ఎదుగుదలలోని భేదం. దానిని తొలగించే ఔషధం గానీ ఇంజెక్షన్ గానీ నేటివరకు లేదు. కొన్ని రక్తవ్యాధుల వంటి ఆమోదిత చికిత్సలకు తప్ప, అనుమతి పొందిన పరిశోధనల వెలుపల మూలకణాలను రోగులకు ఇవ్వడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. ఆటిజం ఆ ఆమోదిత జాబితాలో లేదు. ప్రతి వ్యాధికీ ఔషధం ఉందన్న ప్రవక్త బోధనను మనం విశ్వసిస్తాము. అయితే అది ఔషధాన్ని అన్వేషించమనే ప్రోత్సాహమే తప్ప, ఎవరు ఏది అమ్మజూపినా కొనమనే ఆదేశం కాదు.

ఇక్కడ మరొక ప్రశ్న ఉంది. పిల్లవాడికి "నయం" కావాలని తల్లిదండ్రులు, వైద్యులు, బంధువులు అందరూ అంటారు. ఆటిజంతో పెరిగి పెద్దవారైనవారు ఏమంటున్నారు? వారి మాటలు మన ఇళ్లకు చేరడం అరుదు. చేరినప్పుడు అవి ఒకే మాటగా ఉండవు.

1993లో కెనడాలోని టొరంటో నగరంలో జరిగిన ఆటిజం సదస్సులో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి ప్రసంగించారు. ఆటిజం ఒక పెంకు కాదనీ, దాని లోపల మరో మామూలు బిడ్డ దాగి లేడనీ, ఆటిజం పోవాలని కోరడమంటే ఈ బిడ్డకు బదులు వేరే బిడ్డను కోరడమేననీ ఆయన వాదన. మీరు ఊహించుకున్న బిడ్డ కోసం దుఃఖిస్తే దుఃఖించండి, మీ ముందున్న బిడ్డను చూసి మాత్రం కాదు అన్నది దాని సారాంశం. ఆ తరువాత ఎందరో ఆటిస్టిక్ వ్యక్తులు ఇదే బాటలో నడిచారు.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వరమూ ఉంది. అమెరికాకు చెందిన జొనాథన్ మిచెల్ అనే రచయిత కూడా ఆటిజం ఉన్నవారే. ఆటిజం తనకు ఉద్యోగాన్నీ దాంపత్య జీవితాన్నీ దూరం చేసిందనీ, చికిత్స లభిస్తే తప్పక స్వీకరిస్తాననీ ఆయన బాహాటంగా రాశారు. బాధపడేవారి తరఫున, బాధ లేదని ఇతరులు చెప్పడం తగదన్నది ఆయన ఆక్షేపణ. ఈ మాటనూ తేలికగా తీసివేయలేము. మాట రాని బిడ్డ, తలను గోడకు కొట్టుకునే బిడ్డ, రాత్రంతా నిద్రపోని బిడ్డ ఉన్న ఇంటిలో ఆటిజం కేవలం ఒక "భిన్నత్వం" అంటే ఆ తల్లికి అది పరిహాసంలా వినిపించవచ్చు.

ఈ రెంటి మధ్య టెంపుల్ గ్రాండిన్ నిలుస్తారు. 1947లో జన్మించిన ఈమెకు చిన్ననాట మాటలు ఆలస్యంగా వచ్చాయి. తదుపరి పశుశాస్త్ర ఆచార్యురాలిగా, పశువులకు భయం కలగని కొట్టాల రూపకర్తగా పేరుపొందారు. ఆటిజం లేని మనిషిగా మారే అవకాశం వచ్చినా తాను మారనని ఆమె చెప్పారు. అదే మనిషి, తనను పీడించిన తీవ్రమైన ఆందోళనకు దశాబ్దాలుగా మందు వాడుతున్నట్లు దాపరికం లేకుండా రాశారు. అంటే తనను మార్చవద్దన్నారు, తన బాధకు మందు తీసుకున్నారు.

శిక్షణల విషయంలోనూ ఇదే విచక్షణ అవసరం. అమెరికాలో లోవాస్ అనే మనోవైజ్ఞానికుడు రూపొందించిన ప్రవర్తనా శిక్షణలో తొలినాళ్లలో కేకలు, చెంపదెబ్బలు సైతం ఉండేవి. వారానికి 40 గంటల శిక్షణతో పలువురు పిల్లలు ఎంతో పురోగమించారని ఆయన 1987లో ప్రకటించారు. అటువంటి శిక్షణ పొంది పెద్దవారైన కొందరు, తమకు నేర్పినది నటన మాత్రమేనని బాధపడుతున్నారు. మరికొందరు తమకు మాట, స్వయంగా తినడం, దుస్తులు ధరించడం అబ్బినది శిక్షణ వల్లనేనని కృతజ్ఞత తెలుపుతున్నారు. చేతులు ఊపుకోవడం మాన్పించడానికి గంటలు వెచ్చించడం వేరు, దాహం వేసినప్పుడు నీళ్లు అడగడం నేర్పడం వేరు.

ఈ సందర్భంలో ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఒక హదీసు మాకు స్ఫురిస్తున్నది. మూర్ఛతో బాధపడే ఒక నల్లజాతి మహిళ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి దుఆ కోరింది. సహనం వహిస్తే స్వర్గం, లేదా స్వస్థత కోసం దుఆ, ఈ రెంటిలో ఏది కావాలో ఎంచుకొమ్మని ఆయన ఆమెనే అడిగారు. ఆమె సహనాన్ని ఎంచుకుంది. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన దుస్తులు తొలగకుండా దుఆ చేయమని కోరింది. ఆయన అలాగే చేశారు. ఆటిజం మూర్ఛ కాదు. ఈ హదీసు చికిత్సను మానుకొమ్మని చెప్పడమూ లేదు. కానీ నిర్ణయం ఆమెకే అప్పగించబడింది. తనను ఎక్కువగా నొప్పించేది ఏదో ఆమెయే చెప్పింది.

"మా అబ్బాయి మాట్లాడలేడు కదా, ఎలా అడగడం?" అంటారేమో. మిక్సీ మోగినప్పుడు చెవులు మూసుకోవడం అతని మాటే. అతడు బయట ఆడుకునే సమయంలో మసాలా నూరుకోండి. ఆకలి, నీళ్లు, నిద్ర, నొప్పి అనే నాలుగు బొమ్మలు అట్టపై అతికించి వేలితో చూపడం నేర్పండి. ఆటిజం ఉన్న పిల్లలలో మూర్ఛ, నిద్రలేమి, మలబద్ధకం తరచుగా కనిపిస్తాయి. వాటికి మందులున్నాయి, వైద్యునికి తప్పక చూపండి.

చేను అమ్మకుండా అందుకోదగిన సహాయమూ ఉంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి, కనుక సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా క్రింద ఏటా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వీలుంది. సమగ్ర పరీక్ష కావాలంటే సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది.

సోదరీ, దుఆ చేస్తూనే ఉండండి. మేమూ చేస్తాము. అయితే ఈ రాత్రి దుఆలో "నా బిడ్డను మార్చు" అనే మాటతోపాటు, "అతడు చెప్పేది గ్రహించే శక్తి నాకు ప్రసాదించు" అని కూడా వేడుకోండి. చేను మీ చేతిలోనే ఉండనివ్వండి. రేపు పెరిగి పెద్దవాడయ్యే ఆ బిడ్డకు అది కావాలి.